గడియ చర్య

చెంగల్రాయుడికి కావలసింది ఒక తుపాకి. ఈ ముక్క మొదట్లోనే చెప్పెయ్యడం మంచిది. కథ నడిచేకొద్దీ ఆ సంగతి చెంగల్రాయుడికి తప్ప ఇంకెవరికీ గుర్తుండదు.

ఆయన పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి, హవల్దారుగా ఇంటికొచ్చినవాడు. ఊటకుంటలో కొండ వారగా రెండున్నర ఎకరాలుంది. బోరు కింద వేరుశనగ వేస్తాడు. వేసేది ఆయన, తినేది అడవి పందులు. మొదటి ఏడు సగం తిన్నాయి. రెండో ఏడు మొత్తం తిని, పొలమంతా నాగలితో దున్నినట్టు తిరగేసి పోయాయి. చెంగల్రాయుడు అరిచి చూశాడు. డబ్బా వాయించి చూశాడు. దేశమ్మ పాత చీరలు గట్టు చుట్టూ కట్టి చూశాడు. దేశమ్మ అంటే ఆయన భార్య.

"పందులు బెదర్లేదు గానీ, నాకు కట్టుకునేదానికి చీరల్లేకుండా పాయె" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మూడో ఏడు విత్తనాలు వేసినరోజు ఇద్దరూ గట్టు మీద కూర్చుని సద్ది తింటున్నారు. చెంగల్రాయుడు ముద్ద చేతిలోనే పెట్టుకుని అసలు సంగతి బయటపెట్టాడు.

"మే, ఈ తూరి గూడా పందుల పాలైతే నేను తిరపతికి పోతా. అపార్ట్‌మెంటు కాడ వాచ్‌మన్ పనుండాది. మా రెజిమెంటోడే పిలస్తాండాడు."

"ఏం చెయ్యల్ల ఆడ?"

"గేటు తీసేది, గేటు వేసేది."

"తుపాకి పట్టిన చేత్తో గేటు తీస్తావా?" అంది దేశమ్మ. అని, మొహం అటు తిప్పుకుంది. చెంగల్రాయుడు చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేశాడు. ఉన్న ఊళ్ళో రైతుగా చావాలన్నది ఆయన కోరిక. అంతకంటే పెద్ద కోరికలు ఆయనకు లేవు.

సరిగ్గా ఆ నెలలోనే ప్రభుత్వానికి పందుల సంగతి తెలిసింది. పై నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తర్వు దిగింది. చౌకలో దొరికే బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్ మండలానికొకటి కొని, లైసెన్సు ఉన్న మాజీ సైనికుడికి అప్పగించాలి, పంట మీద పడే పందులను అతను కాల్చాలి. ఊటకుంట మండలంలో అలాంటివాడు చెంగల్రాయుడొక్కడే. ఏ రైఫిల్ కొనాలో కూడా ఆయన్నే చూసి రమ్మన్నారు. తెలిసినవాణ్ణి అడగడమనే పని ఈ కథలో ప్రభుత్వం చేసింది ఇదొక్కసారే.

జిల్లా కేంద్రంలో తుపాకుల అంగడి జిలానీ సాయిబుది. మూడు తరాల అంగడి. సాయిబు బల్ల మీద బట్ట పరిచి, నాలుగు రైఫిళ్ళు వరసగా పెట్టాడు.

"ఇది చూడు పెద్దాయనా, దుర్బీనుతో వస్తాది. నాలుగొందల గజాల్లో చీమ కనపడతాది."

"నేను కాల్చేది చీమను కాదు గదా సాయిబూ. నలభై గజాల్లో పందిని. దుర్బీను తీసి పక్కన పెట్టు."

"ఇది చూడు, భుజానికి ఆనించే మడమ నల్లది. తేలిక."

"తేలికైతే భుజాన్ని తంతాది. పక్కన పెట్టు."

మూడోదాని గొట్టం మరీ పొడుగు. ముళ్ళకంపలో దూరేటప్పుడు తగులుకుంటుందన్నాడు. ఇక మిగిలింది మామూలు చెక్క మడమ ఉన్న మూడు పదిహేను బోరు రైఫిల్. నగిషీ లేదు, మెరుపు లేదు. చెంగల్రాయుడు దాన్ని ఎత్తి భుజానికి ఆనించాడు. కుడిచేత్తో బోల్టు పిడి ఎత్తాడు, వెనక్కి లాగాడు, ముందుకు తోశాడు, దించాడు. కటక్ మంది. ఆ చప్పుడు విని ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది.

"అన్నిట్లోకీ చౌకది ఇదే" అన్నాడు సాయిబు, కాస్త నీరసంగా.

"చౌకని కాదు సాయిబూ. దుమ్ములో పడినా, వానకు తడిసినా ఇది పనిచేస్తాది. ఒక గుండు పోతే, చేత్తో లాగితేనే రెండోది ఎక్కేది. లాగేలోపల మనిషికి ఒక ఆలోచన చేసుకునేదానికి టయిముంటాది."

జిలానీ సాయిబు ఒక చీటీ మీద 'చెంగల్రాయుడు, ఊటకుంట' అని రాసి పిడికి దారంతో కట్టాడు. రెండు నెలలు ఎవరికీ ఇవ్వనని మాటిచ్చాడు. చెంగల్రాయుడు బస్సులో వస్తున్నంతసేపూ గాలిలో బోల్టు లాగుతూనే ఉన్నాడు. పక్కసీటు ఆయన లేచి వెనక్కిపోయి కూర్చున్నాడు.

మర్నాడు మండల కార్యాలయంలో, ఆ రైఫిల్ కొనిమ్మని దరఖాస్తు ఇచ్చాడు. సీనియర్ సహాయకుడు ఉమాపతి దాన్ని ముట్టుకోకుండానే చదివి, వేలితో వెనక్కి తోశాడు.

"ఇందులో మూడు ఇంగ్లీషు పదములున్నవి."

"నేను తెలుగులోనే రాసినా గదా సార్."

"లిపి తెలుగు. పదములు పరాయివి. బోల్ట్, యాక్షన్, రైఫిల్. ఇది తేట తెలుగు పాలనా సంవత్సరం. పరాయి పదం ఒక్కటున్నా దస్త్రం కదలరాదని ఆదేశము." తలమీద తిరుగుతున్న ఫ్యానుకు కట్టిన అట్టముక్క చూపించాడు. దానిమీద 'వీవన' అని ఉంది. కరెంటు స్విచ్చుల మీదా ఏవో రాసి ఉన్నాయి. వాటికి అర్థం తెలియక ఆ కార్యాలయంలో మూడు రోజులుగా ఎవరూ దీపాలు వెయ్యలేదు. "పదశుద్ధి నిమిత్తము జిల్లా భాషాధికారి వారిని ఆశ్రయించవలెను."

జిల్లా భాషాధికారి వైకుంఠరావు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి, దరఖాస్తును పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు.

"బోల్ట్ అనగానేమి?"

ఇక్కడే చెంగల్రాయుడు నోరు జారాడు. తర్వాత జీవితంలో ఆయన అన్నిటికంటే ఎక్కువసార్లు గుర్తు చేసుకున్న నోటిజారుడు ఇదే.

"అదేం లేదు సార్, మన ఇంటి తలుపు గడియ మాదిరే. ఇట్ల ఎత్తేది, ఎనక్కి లాగేది, ముందుకు తోసేది, దించేది" అని చేతులతో చేసి చూపించాడు.

వైకుంఠరావు కళ్ళు మూసుకున్నాడు. "గడియ! ఆహా! మన గుమ్మంలోనే ఉన్న మాట. యాక్షన్‌కు చర్య. గడియ చర్య! ఎంత చక్కగా ఒదిగిందండీ!"

"రైఫిల్‌కు తుపాకి అంటాం సార్, అది అందరికీ తెల్సు" అన్నాడు చెంగల్రాయుడు సాయం చేద్దామని.

"తుపాకి తుర్కీ మాట. ఏనాడో గుమ్మం దాటి వచ్చి మన ఇంట్లో తిష్ఠ వేసింది. దాన్నీ పంపించేస్తున్నాం."

"మన మాటేంది సార్ మరి?"

"మనవాళ్ళు దాన్ని కనిపెట్టలేదు గనుక మాట పెట్టలేదు. ప్రస్తుతానికి సాధనం అందాం." ఎర్రసిరా కలంతో రాసి, చదివి వినిపించాడు. "అందుబాటు ధర గల గడియ చర్య వేట సాధనం. వింటుంటేనే పంది పారిపోవాలి!"

"మా ఊళ్ళో ఎవురికీ అర్థం కాదేమో సార్."

"అలవాటు పడతారు. అలవాటు పడితే ఏదైనా అర్థమవుతుంది." ఆ మాట మాత్రం నిజమే, చెంగల్రాయుడికి తర్వాత తెలిసొచ్చింది.

దస్త్రం కదిలింది. పొలంలో వేరుశనగ పూత పట్టింది.

ఆ తర్వాత జరిగినదానిలో ఎవరి తప్పూ లేదు. ప్రతి అధికారీ ఒక్కొక్క మాట మాత్రమే కొట్టేశాడు, అదీ మంచి కారణంతోనే. లెక్కల విభాగం వాళ్ళు, ధర ఎంతో చెప్పకుండా ధర అనే మాట వాడరాదని దాన్ని తీసేశారు. 'అందుబాటు గల' మిగిలింది. అటవీశాఖ వాళ్ళు, వేట చట్టరీత్యా నేరం గనుక ప్రభుత్వ దస్త్రంలో ఆ మాట కనపడితే తామే తమ మీద కేసు పెట్టుకోవలసి వస్తుందని, 'వేట' కొట్టేసి 'పంట రక్షణ' అని రాశారు. దస్త్రం ఊటకుంటకు తిరిగొచ్చేటప్పటికి దాని మీద ఇలా ఉంది: 'అందుబాటు గల గడియ చర్య పంట రక్షణ సాధనం.'

చెంగల్రాయుడు రెండుసార్లు చదివాడు. "సార్, తుపాకి యాడ పోయింది?"

"ఏ తుపాకి?" అన్నాడు ఉమాపతి.

"నేనడిగిన తుపాకి సార్!"

ఉమాపతి నిదానంగా ముప్పై రెండు పేజీలూ తిరగేశాడు. "ఈ దస్త్రంలో ఆ వస్తువు ప్రస్తావన లేదు."

"మొదట ఉండింది సార్."

"ఉండి ఉంటే పుట సంఖ్య ఉండేది" అన్నాడు ఉమాపతి. చెంగల్రాయుడు ఒకప్పుడు గుండ్ల వాన కింద మూడు రోజులు పడుకున్న మనిషి. అప్పుడు కూడా తుపాకి చేతిలోంచి ఇలా మాయం కాలేదు.

ఇంటికొచ్చేసరికి దేశమ్మ పొలం గట్టున నిలబడి ఉంది. వేరుశనగ ఊడలు దిగి, పిందె కడుతోంది. పడమటి గట్టు పక్క రెండు సాళ్ళు లేవు.

"వచ్చి పోయినాయి. రుచి చూసినాయి. ఇంగ బంధువుల్ని పిల్చుకొస్తాయి" అంది. "యాడుందయా నీ తుపాకి?"

"దారిలో ఉండాది" అన్నాడు చెంగల్రాయుడు. ఆ మాట చెప్పడానికి ఆయనకు సిగ్గేసింది.

కొనుగోలు సంఘం సమావేశానికి ఆయన్ను నిపుణుడిగా పిలిచారు. అధ్యక్షురాలు ప్రత్యేకాధికారి నీలాంబరి గారు. సభ్యులు ఉమాపతి, వైకుంఠరావు. బల్ల మీద జీడిపప్పు ఉంది. చెంగల్రాయుడికి నిలబడే చోటు ఉంది.

"మొదటగా, సాధనము యొక్క స్వరూపము నిర్ణయించవలసి ఉన్నది" అన్నారు నీలాంబరి గారు. "గడియ అనగానేమి?"

"గడియ అనగా ఇరవై నాలుగు నిమిషములు మేడం" అన్నాడు ఉమాపతి. "గడియ చర్య అంటే, ఇరవై నాలుగు నిమిషముల లోపల పూర్తి కావలసిన చర్య. నిర్దిష్ట కాలపరిమితి అన్నమాట."

"నాకలా అనిపించలేదు. గడియ అంటే మంచి గడియ. శుభ ముహూర్తం. పంచాంగం చూడకుండా పంట మీద ఏ చర్యా తీసుకోరాదని దీని తాత్పర్యం." ఆమె వర్జ్యంలో సంతకం కూడా పెట్టరని జిల్లా అంతా తెలుసు.

"మన్నించాలి" అన్నాడు వైకుంఠరావు, నొచ్చుకుని. "ఇది తలుపు గడియ. దరఖాస్తుదారుడే నా ఎదుట స్వయంగా చేతులతో అభినయించి చూపించాడు."

ముగ్గురూ చెంగల్రాయుడి వైపు చూశారు. ఇదే అదను అనుకున్నాడాయన.

"మేడం, గడియంటే గడియ కాదు. అది బోల్టు. అసలు నేనడిగింది తుపాకి మేడం. జిలానీ సాయిబు అంగట్లో నా పేరు కట్టి పెట్టుండారు. పిందె కడతాండాది, ఇంగ నెలన్నరకు కాయ పెరకల్ల. దండం పెడతా, అది ఒక్కటి తెప్పీండి!"

ఉమాపతి దస్త్రం ఒకసారి తిరగేసి, తల అడ్డంగా ఊపాడు. నీలాంబరి గారు చాలా మృదువుగా అన్నారు. "చూడండి, మీ ఆవేదన మాకు అర్థమైనది. కానీ నిపుణుడు దస్త్రములో లేని వస్తువును గూర్చి మాట్లాడరాదు."

అరగంట చర్చ జరిగింది. ముగ్గురు పెద్దమనుషులు, మూడు అర్థాలు. ఎవరి మాటా పోగూడదు. చివరికి ముగ్గురికీ గౌరవం దక్కేలా తీర్మానం రాశారు. దరఖాస్తుదారుడి పొలంలో గడియ గల ఇనుప తలుపు ఒకటి, మంచి గడియలో, ఒక గడియ లోపల నిలబెట్టవలెను. అందుబాటు అన్నారు గనుక గడియ అందరి చేతికీ అందేలా మూడడుగుల ఎత్తులో ఉండవలెను.

"మూడడుగులయితే పందికి గూడా అందుతాది గదా మేడం" అన్నాడు చెంగల్రాయుడు. ఆయనలో సైనికుడింకా పూర్తిగా చావలేదు.

ఉమాపతి ఒక కాగితం తీశాడు. "పందులకు గడియ తీయు పరిజ్ఞానము లేదని పశువైద్యుల ధ్రువపత్రము జతచేయడమైనది."

"మరి చుట్టూ కంచె?"

"కంచె ఎక్కడుంది?" అన్నారు నీలాంబరి గారు.

"లేదు మేడం, అదే అడగతాండా."

"దస్త్రములో ఎక్కడుంది అని అడుగుతున్నాను." చెంగల్రాయుడు దండం పెట్టి బయటికొచ్చేశాడు.

ముహూర్తం గురువారం పొద్దున పది ముప్పై ఆరుకు పెట్టారు. సిమెంటు స్తంభాలు రెండు ముందురోజే పాతారు. వాటికి తలుపు తగిలించడం మాత్రమే చర్య అని ఉమాపతి సూత్రీకరించాడు. నీలాంబరి గారు కొబ్బరికాయ కొట్టారు. పనివాళ్ళు చెమటలు కక్కుతూ బిగించారు. ఉమాపతి గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇరవై రెండో నిమిషానికి అయిపోయింది. మిగిలిన రెండు నిమిషాల్లో వైకుంఠరావు ఉపన్యసించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. రెండున్నర ఎకరాల పొలానికి ఒక మూలన, అటు కంచె లేదు, ఇటు కంచె లేదు, పచ్చరంగు ఇనుప తలుపొకటి ఠీవిగా నిలబడింది.

"ఇంట్లో తలుపు చెద పట్టి ఊడిపోయి నాలుగేండ్లాయె" అంది దేశమ్మ. "అడిగుంటే దానికన్నా పెట్టుందురు."

ఆ సాయంత్రం జిలానీ సాయిబు ఫోను చేశాడు. "పెద్దాయనా, రెండు నెల్లు దాటి పదైదు దినాలాయె. ఇంకొకాయప్ప వచ్చి అదే కావాలంటాండాడు. ఏం చేద్దును?"

చెంగల్రాయుడు తలుపు లేని గుమ్మంలో కూలబడ్డాడు. "చీటీ విప్పేయ్ సాయిబూ" అన్నాడు.

కాయ పెరికేదానికి తొమ్మిది రోజులుందనగా పందులొచ్చాయి. పొద్దున్నే పోయి చూస్తే రెండున్నర ఎకరాలూ తలకిందులై ఉంది. తెల్లటి వేళ్ళు, నమిలి ఊసిన పొట్టు, బురద. గుంపు తలుపుకు కుడిపక్కనుంచి వచ్చి, ఎడమపక్కనుంచి పోయినట్టు అడుగులున్నాయి. పోతూపోతూ ఒకటి ఆ స్తంభానికి ఒళ్ళు రుద్దుకుని పోయింది. దేశమ్మ ఆ బురద మధ్యలో కూలబడి, పగిలిన కాయలు రెండు దోసిట్లోకి ఏరుకుని, గొంతెత్తి ఏడ్చింది. చెంగల్రాయుడు ఆవిడ భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. తర్వాత తనూ వంగి, పగిలిన కాయలు ఏరి ఆవిడ దోసిట్లో వేశాడు.

వారానికి ఉమాపతి స్వయంగా ఉత్తర్వు పట్టుకొచ్చాడు. పొలంలోని తలుపు ప్రభుత్వ ఆస్తి గనుక దానికి కాపలా అవసరమైనది. 'గడియ సంరక్షకుడు' అనే తాత్కాలిక పదవి ఏర్పడినది. మాజీ సైనికులకు ప్రాధాన్యము. పొద్దున గడియ తియ్యాలి, సాయంత్రం వెయ్యాలి, తలుపు గుండా లోపలికి వచ్చిన పందుల సంఖ్య రోజూ పుస్తకంలో రాయాలి. ఖాకీ చొక్కా ప్రభుత్వమే ఇస్తుంది.

చెంగల్రాయుడు కాగితం దేశమ్మకు చదివి వినిపించాడు. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు.

"బస్సు చార్జీ మిగిలింది" అంది. "వాచ్‌మన్ పని ఇంటికే వచ్చె."

నెలరోజుల తర్వాత తనిఖీకి నీలాంబరి గారు, వైకుంఠరావు, ఉమాపతి ముగ్గురూ జీపులో వచ్చారు. పొలంలో గడ్డి కూడా లేదు. తలుపు పక్కన స్టూలు మీద ఖాకీ చొక్కాలో చెంగల్రాయుడున్నాడు. లేచి సెల్యూట్ చేశాడు. వైకుంఠరావు దాన్ని వందనం అని సవరించాడు. నీలాంబరి గారు పుస్తకం తెరిచి చదివారు. ముప్పై రోజులు, ముప్పై సున్నలు.

"ఒక్క పంది కూడా ఈ తలుపు దాటలేదు!" అన్నారామె. గొంతులో నిజమైన సంతోషం ఉంది. "నూటికి నూరుపాళ్ళు విజయం. జిల్లాలో అన్ని మండలాలకూ విస్తరింపజేయవలెను."

"లోపల పంట కూడా లేనట్టున్నది మేడం" అన్నాడు ఉమాపతి. అతనికి అప్పుడప్పుడూ కళ్ళు కనపడతాయి.

"పంట రక్షణ మన పరిధి. పంట మన పరిధి కాదు" అన్నారు నీలాంబరి గారు. తర్వాత చెంగల్రాయుడి వైపు తిరిగి, తల్లిలా అడిగారు. "మీ సహకారము మరువలేనిది. మీకింకేమైనా కావాలా? మొహమాటపడకండి. ఒక్క మాట చెప్పండి, మంజూరు చేస్తాను."

వైకుంఠరావు ఎర్రసిరా కలం మూత తీశాడు.

చెంగల్రాయుడికి చాలా కావాలి. గుంపు పోయిన దిక్కు చూశాడు. కనీసం గట్టి కర్ర ఒకటి ఇప్పించమందామని నోటి దాకా వచ్చింది. కర్ర అంటే కలప అంటారేమో, ఉన్న రెండు వేపచెట్లూ నరికించుకుపోతారేమో. పోనీ కంచె? పోనీ విత్తనాలు? ప్రతి మాటనూ నాలుక మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ప్రతిదానికీ ఇంకో అర్థం కనపడింది. వెనకనుంచి దేశమ్మ చొక్కా పట్టుకు లాగింది. "నోరు తెరవద్దు, నీ పుణ్యముంటాది" అని గొణిగింది.

ఆయన పెదవులు గట్టిగా బిగించుకున్నాడు. కళ్ళలో మాత్రం నీళ్ళు నిలిచాయి. వాటిని బిగించడం ఎలాగో సైన్యంలో నేర్పలేదు.

వైకుంఠరావు రాసుకున్నాడు. 'లబ్ధిదారుడు ఆనందాతిశయమున నోట మాట రాక, కన్నీరు పెట్టుకొనెను.'

తనిఖీ ముగిసింది. చుట్టూ ఎటు నుంచైనా పోవచ్చు. అయినా ముగ్గురూ వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. చెంగల్రాయుడు గడియ తీశాడు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు దాటి జీపెక్కారు. దుమ్ము అణిగాక ఆయన తలుపు దగ్గరికి వేసి, గడియ పిడి పట్టుకుని ఎత్తాడు, వెనక్కి లాగాడు, ముందుకు తోశాడు, దించాడు. కటక్ మంది.

ఆ చప్పుడుకు ఆయన కుడి భుజం, పాత అలవాటు కొద్దీ, దెబ్బ కాసుకోవడానికి ముందుకు వంగింది. ఎడమ కన్ను దానంతట అదే మూసుకుంది. ఏమీ పేలలేదు.